‘మహిళలకు ఎంత కేటాయించారు?’ అన్న ప్రశ్నలోని చిక్కు

బడ్జెట్ ప్రవేశపెట్టిన రోజు పేపర్లూ టీవీలూ ఒక అంకెను పెద్ద అక్షరాల్లో వేస్తాయి: మహిళలకు ఇన్ని వేల కోట్లు. నిరుటి కంటే పెరిగితే అధికార పక్షం బల్లలు చరుస్తుంది, ప్రతిపక్షం అంకెల గారడీ అంటుంది, మర్నాటికి అందరూ మర్చిపోతారు. ఆ అంకె అబద్ధం కాకపోవచ్చు. కానీ ప్రభుత్వ డబ్బు ఆడవాళ్ల బతుకులో ఏం మార్చిందో తెలుసుకోవాలంటే, బడ్జెట్ పుస్తకాలన్నిట్లోనూ అతి తక్కువగా పనికొచ్చే అంకె బహుశా అదే.

జెండర్ బడ్జెట్ అనగానే చాలామందికి తట్టేది మహిళల కోసం విడిగా తీసిపెట్టిన మొత్తం. జనాభాలో సగం కాబట్టి డబ్బులో సగం అడుగుతున్నారనుకునేవాళ్లూ ఉన్నారు. ఈ రెండూ కావు. రోడ్లు, పన్నులు, ఆసుపత్రులు, సాగునీరు, పోలీసు, పింఛన్లు ఇలా ప్రతి పద్దునూ ముందు పెట్టుకుని, ఇది ఆడవాళ్ల మీద ఎలా పడుతోంది, మగవాళ్ల మీద ఎలా పడుతోంది, ఇప్పటికే ఉన్న తేడాను తగ్గిస్తోందా, ఇంకా పెంచుతోందా అని అడగాలి. జవాబు బాగాలేకపోతే పద్దు మార్చాలి. చెప్పడానికి ఇంతే. చేయబోతే మాత్రం ప్రభుత్వాలకు నలభై ఏళ్లు దాటినా ఇంకా ఒక కొలిక్కి రాలేదు.

ఈ పని మొదలుపెట్టింది ఆస్ట్రేలియా, 1984లో. ప్రతి శాఖా తన ఖర్చు మహిళల మీద చూపే ప్రభావమేంటో రాసివ్వాలని అక్కడి ఫెడరల్ ప్రభుత్వం అడిగింది. రోండా షార్ప్ అనే ఆర్థికవేత్త ఆ ఖర్చును మూడు రకాలుగా విడగొట్టి చూశారు. మహిళల కోసమే పెట్టినది ఒకటి, ప్రభుత్వ ఉద్యోగాల్లో మహిళలకు సమాన అవకాశాలు కల్పించడానికి పెట్టినది రెండోది, మిగిలినదంతా మూడోది. సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్ర బడ్జెట్‌ను ఇలా విడదీస్తే మొదటి రకం మొత్తం ఖర్చులో ఒక్క శాతానికి కూడా చేరలేదు. కష్టపడి దాన్ని రెట్టింపు చేయించుకున్నా రెండు శాతం దాటదు. తక్కినదంతా ‘అందరి కోసం’ అన్న పేరుతో పోతుంది. ఆ ‘అందరి’లో ఎవరికెంత అందుతోంది అన్నది ఎవరూ లెక్క కట్టరు.

అధికారులను అడిగితే ఏ దేశంలోనైనా దాదాపు ఒకే జవాబు: మా శాఖలో ఆడా మగా తేడా ఏముంటుంది, రోడ్డు అందరిదీ కదా. నిజమే, రోడ్డు అందరిదీ. కాబట్టి ఆ రోడ్డు దగ్గరే మొదలుపెడదాం.

స్వీడన్‌లో చలికాలం రోడ్ల మీద పేరుకునే మంచును తొలగించడం మున్సిపాలిటీల పని. ఎక్కడా రాసుకున్న వివక్ష లేకపోయినా వరుస మాత్రం ఒకటి ఉండేది. ముందు పెద్ద రోడ్లు, ఆ తర్వాత చిన్న రోడ్లు, చివర్లో కాలిబాటలు, సైకిల్ దారులు. కార్ల్‌స్కోగా అనే ఊళ్లో ఈ వరుసను ప్రయాణాల లెక్కతో పోల్చి చూశారు. పొద్దున్నే కారేసుకుని నేరుగా ఆఫీసుకు వెళ్లేవాళ్లలో మగవాళ్లు ఎక్కువ. పిల్లను డేకేర్‌లో దింపి, అక్కడి నుంచి బస్టాపుకు నడిచి, తిరుగు ప్రయాణంలో సరుకులు తీసుకుని, పెద్దవాళ్లను చూసి ఇంటికి చేరేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. అంటే మంచు యంత్రం అందరికంటే ఆఖర్న వచ్చే దారుల్లోనే వాళ్లు నడుస్తున్నారు. మంచు మీద జారిపడి ఎముకలు విరగ్గొట్టుకుని ఆసుపత్రికి చేరే పాదచారుల్లోనూ ఎక్కువమంది ఆడవాళ్లే.

ఊరివాళ్లు వరుస తిప్పేశారు. ముందు కాలిబాటలు, డేకేర్‌లకూ బస్టాపులకూ వెళ్లే దారులు, తర్వాతే పెద్ద రోడ్లు. కొంచెం మంచు ఉన్నా కారు నడుస్తుంది, అదే మంచులో పిల్ల బండిని తోసుకెళ్లడం నరకం. ఊరికి కొత్తగా పెద్ద ఖర్చేమీ పడలేదు. అవే యంత్రాలు, అదే సిబ్బంది. ఈ మార్పును ఏ బడ్జెట్ పుస్తకంలో వెతికినా ‘మహిళలకు కేటాయింపు’ కింద ఒక్క క్రోనా (స్వీడన్ నాణెం) కూడా కనిపించదు.

ఇక్కడ ఇంకో సంగతీ చెప్పాలి. ఇదే పద్ధతిని అమలు చేస్తున్న స్టాక్‌హోమ్‌లో 2016 నవంబరులో రికార్డు స్థాయిలో మంచు కురిసి నగరం స్తంభించింది. వెంటనే ‘ఆడా మగా సమానత్వపు మంచు తవ్వకం’ మీద జోకులే జోకులు. ఆ రోజు కాలిబాటలు కూడా శుభ్రం కాలేదు. యంత్రాంగం మొత్తంగా చేతులెత్తేసింది, నింద మాత్రం సమానత్వం మీద పడింది. ఏ సంస్కరణైనా అమలు సరిగ్గా లేకపోతే ముందు బద్నాం అయ్యేది దాని వెనక ఉన్న ఆలోచనే.

ఖర్చు సంగతి అలా ఉంటే, ఆదాయం వైపు చూడటం చాలామంది మర్చిపోతారు. ప్రభుత్వం డబ్బు ఎవరి మీద ఖర్చుపెడుతోంది అన్నదెంతో, ఎవరి దగ్గర ఎలా వసూలు చేస్తోంది అన్నదీ అంతే. వివక్షను పన్ను చట్టంలోనే నేరుగా రాసుకున్న కాలం ఒకటుంది. దక్షిణాఫ్రికాలో 1990ల నడిమి దాకా ఆదాయపన్ను లెక్కలో పెళ్లయిన మహిళ స్థానం వేరుగా ఉండేది. అలాంటివి చాలా చోట్ల పోయాయి. పోనిది పైకి కనపడనిది.

జర్మనీలో 1958 నుంచి భార్యాభర్తల ఆదాయాన్ని కలిపి, రెండుగా విభజించి పన్ను వేసే పద్ధతి ఉంది. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. ఇప్పుడు ఒక ఊహాజనిత లెక్క వేద్దాం. 20 వరకు పన్ను లేదు, 20 నుంచి 60 వరకు 20 శాతం, ఆ పైన 40 శాతం అనుకుందాం. భర్త సంపాదన 100, భార్య ఇంట్లో ఉంది. కలిపి విభజిస్తే ఒక్కొక్కరికి 50, ఒక్కొక్కరి పన్ను 6, మొత్తం 12. భార్యకు 40 జీతంతో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు మొత్తం 140, ఒక్కొక్కరికి 70, ఒక్కొక్కరి పన్ను 12, మొత్తం 24. ఆమె ఉద్యోగం వల్ల ఇంటికి అదనంగా పడిన పన్ను 12, అంటే ఆమె తెచ్చే 40లో 30 శాతం.

అదే ఎవరి పన్ను వారికే వేస్తే? భర్త ఎలాగూ 24 కడతాడు. ఆమె తన 40 మీద కట్టేది 4 మాత్రమే, పది శాతం. ఆ జంట మొత్తం కట్టే పన్ను చూస్తే కలిపి వేసే పద్ధతిలోనే తక్కువ, 28కి బదులు 24. ఇల్లు లాభపడుతోంది కదా, ఇంకేం అంటారు. కానీ ఆమె ఉద్యోగానికి వెళ్లాలా వద్దా అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకునేటప్పుడు లెక్కలోకి వచ్చేది ఆ అదనపు 12 లేదా 4. దానికి డేకేర్ ఫీజు, రానుపోను ఖర్చు కలిపితే ‘నువ్వు వెళ్లి తెచ్చేదేముంది’ అన్న మాట సులువుగా వస్తుంది. ఆ మాటకు లెక్క అందించింది పన్ను చట్టం. తక్కువ సంపాదించేది భర్త అయితే దెబ్బ ఆయనకే తగులుతుంది, చట్టంలో ఆడా మగా అన్న మాటే లేదు. కాకపోతే చాలా ఇళ్లలో తక్కువ జీతం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. స్వీడన్ 1971లో, బ్రిటన్ 1990లో ఎవరి పన్ను వారికే అన్న పద్ధతికి మారాయి.

వస్తువుల మీద పన్నుల్లో అందరికీ తెలిసింది శానిటరీ ప్యాడ్ల గొడవ. కెన్యా 2004లోనే వాటిపై అమ్మకం పన్ను తీసేసింది, భారత్ 2018 జూలైలో 12 శాతం జీఎస్టీని ఎత్తేసింది. మంచి పనే, అయితే మీడియాలో దానికి వచ్చినంత పేరు దానికి రావాల్సిన దానికంటే కొంచెం ఎక్కువ. పన్ను పూర్తిగా మినహాయిస్తే తయారీదారు ముడిసరుకు మీద కట్టిన పన్నును తిరిగి రాబట్టుకోలేడు, దాన్ని ధరలో కలుపుతాడు. అందుకే పన్ను పోయినంత మేర ధర తగ్గదు.

ఇప్పుడు అసలు చిక్కుముడి దగ్గరికి వద్దాం. బడ్జెట్‌లో ఎక్కడా కనపడని పని ఒకటుంది. వంట, పిల్లల పెంపకం, ముసలివాళ్ల సేవ, నీళ్లు మోయడం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదిక ప్రకారం ప్రపంచంలో రోజుకు 1,640 కోట్ల గంటల జీతం లేని సంరక్షణ పని జరుగుతోంది, అందులో మూడొంతులకు పైగా ఆడవాళ్లదే. భారత్‌లో 2024లో జరిగిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసేవాళ్లలో మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దాని మీద పెడుతున్నట్టు తేలింది.

దీనికీ బడ్జెట్‌కూ సంబంధమేంటి? ఒక ప్రభుత్వాసుపత్రిని ఊహించుకోండి. ఆపరేషన్ అయిన రోగిని ఐదు రోజులు ఉంచుకునేవాళ్లు ఇకపై మూడో రోజే పంపించేయాలని ఆదేశం వచ్చింది. మంచాలు ఖాళీ అవుతున్నాయి, ఒక్కో రోగి మీద ఖర్చు తగ్గింది, సామర్థ్యం పెరిగిందని నివేదిక రాసుకున్నారు. రోగికి ఆ రెండు రోజులూ కట్టు మార్చాలి, మందు వేయాలి, రాత్రి లేచి చూడాలి. ఆ పని మాయం కాలేదు, ఆసుపత్రి నుంచి ఇంటికి మారిందంతే. నర్సు జీతం తీసుకుని చేసే పనిని ఇంట్లో భార్యో, కూతురో, కోడలో జీతం లేకుండా చేస్తుంది, అవసరమైతే ఆ రెండు రోజుల కూలి వదులుకుని మరీ చేస్తుంది. బడ్జెట్‌లో ఇది పొదుపు. బ్రిటిష్ ఆర్థికవేత్త డయాన్ ఎల్సన్ దశాబ్దాలుగా చెబుతున్నది ఇదే: జీతమున్న చోటి నుంచి జీతం లేని చోటికి భారాన్ని నెట్టేసి దానికి సామర్థ్యమని పేరు పెట్టుకుంటున్నారు.

కోతలు ఎవరి మీద పడతాయన్న లెక్క ఒకసారి గట్టి రాజకీయ దుమారమే లేపింది. 2010 జూన్‌లో బ్రిటన్ కొత్త ప్రభుత్వం అత్యవసర బడ్జెట్ తెచ్చింది. వ్యక్తుల పన్నులు, భత్యాల మార్పుల వల్ల ఖజానాకు మిగిలే దాదాపు 800 కోట్ల పౌండ్లలో ఎంత ఎవరి నుంచి వస్తోందో చెప్పమని ప్రతిపక్ష ఎంపీ యివెట్ కూపర్, పార్లమెంటు సభ్యులకు సమాచారం అందించే కామన్స్ లైబ్రరీని అడిగారు. దాదాపు 72 శాతం మహిళల నుంచేనని తేలింది. పిల్లల భత్యం, గర్భిణుల సాయం, అద్దె సాయం లాంటివాటిలో కోత పెడితే ఎక్కువగా నష్టపోయేది ఆ డబ్బు అందుకునే మహిళలే మరి. ఫాసెట్ సొసైటీ అనే మహిళా హక్కుల సంస్థ ఆ బడ్జెట్‌నే కోర్టుకు లాగింది. పూర్తి విచారణకు జడ్జి అనుమతి ఇవ్వలేదు.

ఆ 72 శాతం మీద అభ్యంతరాలూ వచ్చాయి. పిల్లల భత్యం తల్లి ఖాతాలో పడుతుంది గనక అందులో కోతను ఆమె నష్టంగా రాశారు, కానీ ఆ డబ్బు ఖర్చయ్యేది ఇంటిల్లిపాదికీ కదా అన్నారు. తీసిపారేయాల్సిన మాట కాదు. ఇంట్లో డబ్బు ఎలా పంచుకుంటారో గుమ్మం బయట నిలబడి చెప్పడం కష్టం. అయితే ఎవరి చేతికి అందిన డబ్బు ఎవరి మీద ఖర్చవుతుందన్నది కూడా ఆ చేతిని బట్టే మారుతుంది.

సంరక్షణ పనిని బడ్జెట్ చిన్నచూపు చూడటానికి ఇంకో కారణం పద్దుల లెక్కలోనే ఉంది. అంగన్‌వాడీ భవనం కడితే అది మూలధన వ్యయం, ఆస్తి సృష్టి, పెట్టుబడి. ఆ భవనంలో పిల్లలను చూసుకునే టీచరుకు ఇచ్చే జీతం రెవెన్యూ వ్యయం, అంటే ‘తగ్గించుకోవాల్సిన’ ఖర్చు. అప్పు చేసి భవనం కట్టొచ్చు, అప్పు చేసి జీతాలు ఇస్తే క్రమశిక్షణ లేదంటారు. బ్రిటన్‌లోని విమెన్స్ బడ్జెట్ గ్రూప్ ఆర్థికవేత్తలు 2016లో ఒక అంచనా వేశారు. జీడీపీలో 2 శాతం నిర్మాణ రంగంలో పెడితే ఆ దేశంలో సుమారు 7.5 లక్షల ఉద్యోగాలు వస్తాయి, అంతే డబ్బు పిల్లల, వృద్ధుల సంరక్షణలో పెడితే 15 లక్షలు. అంచనా కాబట్టి అంకె దగ్గర వాదించుకోవచ్చు. పిల్లల మీద పెట్టింది ఖర్చు, సిమెంటు మీద పెట్టింది పెట్టుబడి అని ముందే పేరు పెట్టుకుని కూర్చున్నాక వాదనకు చోటెక్కడిది?

ఇక లెక్కలు రాసే తీరు. భారత ప్రభుత్వం 2005-06 నుంచి కేంద్ర బడ్జెట్‌తో పాటు జెండర్ బడ్జెట్ నివేదిక ఇస్తోంది. చాలా దేశాల కంటే ముందే మొదలుపెట్టి, ఏటా ఆపకుండా ఇవ్వడం చిన్న విషయం కాదు. అందులో పార్ట్-ఎ అంటే నూటికి నూరు శాతం మహిళల కోసమైన పథకాలు. పార్ట్-బి అంటే 30 నుంచి 99 శాతం వరకు. 30 శాతం లోపు వాటికి 2024-25 నుంచి పార్ట్-సి వచ్చింది. 2025-26లో ఈ నివేదికలో చూపిన మొత్తం 4.49 లక్షల కోట్లు, మొత్తం బడ్జెట్‌లో 8.86 శాతం. ఏళ్ల తరబడి ఐదు శాతం చుట్టుపక్కల తిరిగిన అంకె ఇలా పెరగడానికి ఒక కారణం, ఎక్కువ శాఖలు తమ పథకాలను ఈ లెక్కలోకి తేవడం. అది మంచిదే. కాకపోతే అంకె పెరిగినంత మాత్రాన ఖర్చు మారిందని కాదు, పాత ఖర్చుకే కొత్త చీటీ అంటించి ఉండొచ్చు.

పార్ట్-ఎలో ఏళ్ల తరబడి పెద్ద భాగం పీఎం ఆవాస్ యోజన ఇళ్లదే. ఇల్లు ఇల్లాలి పేరు మీదో, భార్యాభర్తలిద్దరి పేరు మీదో ఇవ్వాలన్న నిబంధన ఉంది కాబట్టి మొత్తం డబ్బు నూటికి నూరు శాతం మహిళలదని రాశారు. ఆస్తి కాగితం మీద ఆమె పేరు ఉండటం చాలా పెద్ద విషయం, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ ఇంట్లో భర్తా, కొడుకులూ, మామగారూ కూడా ఉంటున్నారు. ఇంకోవైపు ఉపాధి హామీ. ఆ పథకంలో ఏళ్ల తరబడి సగానికి పైగా పని దినాలు మహిళలవే. అయినా కనీసం మూడో వంతు మహిళలు ఉండాలని చట్టంలో రాశారు గనక జెండర్ నివేదికలోనూ చాలా ఏళ్లు ఇంచుమించు మూడో వంతే చూపిస్తూ వచ్చారు. ఒకచోట నలుగురుండే ఇంటిని ఒకరి లెక్కలో రాశారు, ఇంకోచోట ఆమె ఎండలో మట్టి మోసి సంపాదించిన దానిలో కూడా కొంత వదిలేశారు. ఈ రెండు తప్పులూ కలిసి వచ్చిన మొత్తాన్ని పట్టుకుని పెరిగిందా తగ్గిందా అని చర్చిస్తే తేలేదేమీ ఉండదు.

కోటా పెడితే ఎలా ఉంటుంది? ఫిలిప్పీన్స్ 1990ల నడుమ నుంచి ప్రతి ప్రభుత్వ సంస్థా తన బడ్జెట్‌లో కనీసం 5 శాతం జెండర్ పనులకు పెట్టాలని చెప్పింది. 2009లో దాన్ని మహిళల హక్కుల చట్టంలోకి కూడా ఎక్కించింది. కొన్ని ఊళ్లలో ఆ డబ్బుతో హింసకు గురైన మహిళలకు ఆశ్రయం లాంటి నిజమైన పనులు జరిగాయి. కొన్ని ఆఫీసుల్లో మాత్రం ఏదో ఒకటి చూపించాలి కాబట్టి సిబ్బందికి బాల్‌రూమ్ డ్యాన్స్ క్లాసులు పెట్టి 5 శాతం పూర్తిచేశారు. ఈ విషయం మీద పనిచేసేవాళ్లు ఆ డ్యాన్స్ క్లాసుల సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. అసలు నష్టం అంతకంటే పెద్దది: ఐదు శాతం పక్కన పెట్టేశాం, ఇక మిగిలిన 95 శాతం గురించి మమ్మల్ని అడగొద్దు అనే ధోరణి.

కోటా కాకుండా ప్రశ్నను బడ్జెట్ తయారీలోనే ఇరికించిన దేశాలు కొన్ని ఉన్నాయి. ఆస్ట్రియా రాజ్యాంగంలోనే 2009 నుంచి ఈ బాధ్యత ఉంది. కేంద్రం, రాష్ట్రాలు, స్థానిక సంస్థలు అన్నీ బడ్జెట్ తయారీలో స్త్రీ పురుషుల వాస్తవ సమానత్వం కోసం పాటుపడాలి. 2013 నుంచి అక్కడి ఫెడరల్ బడ్జెట్‌లో ఒక్కో పద్దు అధ్యాయానికి గరిష్ఠంగా ఐదు లక్ష్యాలు రాయాలి, వాటిలో కనీసం ఒకటి సమానత్వం గురించి ఉండాలి. లక్ష్యాలు ఐదుకు మించకూడదన్న షరతు నాకు బాగా నచ్చింది. యాభై రాయనిస్తే సమానత్వం నలభై ఏడోది అవుతుంది. ఉగాండా 2015 చట్టం ఇంకో దారి పట్టింది. ప్రతి మంత్రిత్వ శాఖ బడ్జెట్ ప్రతిపాదననూ సమాన అవకాశాల కమిషన్ పరిశీలిస్తుంది, దాని అభిప్రాయం తీసుకుని ఆర్థిక మంత్రి సర్టిఫికెట్ ఇస్తారు. కుర్చీలో కూర్చున్న అధికారికి ‘సర్టిఫికెట్ రాకపోతే’ అన్న టెన్షన్ ఉంటే తప్ప కదలని ఫైళ్లు ఏ దేశంలోనైనా ఉంటాయి.

దక్షిణ కొరియా చేసిన పని వీటన్నిటికంటే తక్కువ ఆర్భాటంగా కనిపిస్తుంది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైంది. 2006 చట్టం ప్రకారం 2010 బడ్జెట్ నుంచి అక్కడ జెండర్ బడ్జెట్ పత్రంతో పాటు, ఏడాది ముగిశాక జెండర్ జమాఖర్చుల పత్రం కూడా ఇవ్వాలి. చెప్పింది ఎంత, చేసింది ఎంత, ఎవరికి చేరింది అన్నీ అందులో రాయాలి.

ఆ రెండో పత్రం లేని చోట ఏమవుతుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు. 2013లో భారత్ వెయ్యి కోట్లతో నిర్భయ నిధిని ప్రకటించింది. తొలి సంవత్సరాల్లో అందులో చాలా భాగం కదలనే లేదు. ఏ శాఖ ఏ పథకం పెట్టాలి, రాష్ట్రాలు వినియోగ పత్రాలు ఎప్పుడు పంపాలి అన్న దగ్గరే ఏళ్లు గడిచాయి. ‘బేటీ బచావో బేటీ పఢావో’ది ఇంకో రకం. 2016 నుంచి 2019 మధ్య విడుదలైన 446.72 కోట్లలో 78.91 శాతం ప్రచారానికే పోయిందని పార్లమెంటు మహిళా సాధికారత కమిటీ తన నివేదికలో రాసింది. కేటాయింపుల పుస్తకంలో మాత్రం ఈ డబ్బంతా ఆడపిల్లలదే. అందుకే కేటాయింపు చూసి ఆగిపోకుండా ఏడాది నడుమ మార్చి రాసే సవరించిన అంచనా, ఆ తర్వాత రెండేళ్లకు వచ్చే వాస్తవ ఖర్చు కూడా చూడాలి. నిధులు మురిగిపోయాయన్న వార్త సాధారణంగా ఏ స్క్రోలింగ్‌లోనూ రాదు.

2022 నాటికి, ఎక్కువగా సంపన్న దేశాలున్న ఓఈసీడీ కూటమిలోని 38 దేశాల్లో 23 ఏదో ఒక రూపంలో జెండర్ బడ్జెటింగ్ చేస్తున్నామన్నాయి. 2016లో ఆ సంఖ్య 12. సుస్థిర అభివృద్ధి లక్ష్యాల కింద ఐక్యరాజ్యసమితి చూసే కొలమానం ఇంకొంచెం కఠినం: కేటాయింపులను లెక్కగట్టి బహిరంగంగా పెట్టే పూర్తి వ్యవస్థ ఉందా అని అడుగుతుంది. 2018-21 మధ్య సమాచారం ఇచ్చిన 105 దేశాల్లో అలాంటి పూర్తి వ్యవస్థ ఉన్నవి 26 శాతమే. పాటిస్తున్నామని చెప్పడానికీ, జనం చూసి నిలదీసేలా లెక్క బయటపెట్టడానికీ మధ్య ఇంత దూరం ఉంది.

ఇంతకీ ఏది మహిళలకు అవసరమో ఎవరు చెప్పాలి? అధికారులా, నిపుణులా? దీని మీద రాఘవేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డుఫ్లో 2004లో ప్రచురించిన పరిశోధన ఉంది. పంచాయతీల్లో మూడో వంతు అధ్యక్ష పదవులు మహిళలకు రిజర్వు చేశాక, పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్, రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాల్లో 265 పంచాయతీల ఖర్చును వాళ్లు పరిశీలించారు. ఏ పంచాయతీ రిజర్వు కావాలో వంతుల ప్రకారం తేలేది కాబట్టి పోలిక సరిగ్గా కుదిరింది. రెండు చోట్లా మహిళ అధ్యక్షురాలైన పంచాయతీలు తాగునీటి మీద ఎక్కువ పెట్టాయి. అది ఎవరైనా ఊహించేదే, నీళ్లు మోసేది వాళ్లే. రోడ్ల దగ్గర మాత్రం రెండు జిల్లాలూ విడిపోయాయి. బీర్భూమ్‌లో మహిళల నాయకత్వంలోని పంచాయతీలు రోడ్ల మీద ఎక్కువ పెట్టాయి, ఉదయ్‌పూర్‌లో తక్కువ పెట్టాయి. బీర్భూమ్‌లో రోడ్డు పనుల్లో కూలి దొరికేది ఆడవాళ్లకు కూడా, పంచాయతీని రోడ్డు కావాలని ఎక్కువగా అడిగింది వాళ్లే. ఉదయ్‌పూర్‌లో పని వెతుక్కుంటూ ఊరు దాటి వెళ్లేది ఎక్కువగా మగవాళ్లు, అక్కడ రోడ్డు అడిగింది వాళ్లు. రాజధానిలో కూర్చుని రోడ్డు మగవాళ్ల పద్దు, నీరు ఆడవాళ్ల పద్దు అని ముందే గీత గీసేసి ఉంటే, ఆ లెక్క ఒక జిల్లాలో సరిపోయేది, రెండో జిల్లాలో తలకిందులయ్యేది.